అర్మింటా చావు ప్రసంగం

నేను చచ్చిపోయిన సంగతి నాకు రేడియోలోనే తెలిసింది.

అప్పట్లో బక్‌లిక్ వాగు మొత్తానికి ఒకటే రేడియో. ఆ వేసవిలోనే ఆస్కర్ కొని తెచ్చాడు. కొట్లో, మేకుల డబ్బాల పక్కన ఉండేది. పన్నెండుంపావుకి 'డెల్మర్ బాబాయి' అని రేడియోలో పిలిచే ఆయన కార్యక్రమం మొదలవుతుందనగా చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళం ఏదో కొనే మిషతో అక్కడ చేరేవాళ్ళం. ఆయన మంచాన పడ్డవాళ్ళ పేర్లు చదివేవాడు, తప్పిపోయిన కంచరగాడిదల ఆనవాళ్ళు చెప్పేవాడు, నడుమ బాంజో వాయిస్తూ పాత పాటలు పాడేవాడు. ఆ రోజు ఒక పాట ఎత్తుకోబోయి ఆగాడు. ఈ పాట నా భార్య అర్మింటా నోట నేర్చుకున్నాను అన్నాడు. ఊళ్ళకు ఊళ్ళు జ్వరాలతో పడిపోయిన జబ్బుల ఏడాది చలికాలంలో ఆమె పోయిందనీ, ఆమె రొమ్ము మీదే పసిపిల్ల కూడా పోయిందనీ, ఇద్దరినీ ఒకే పెట్టెలో పెట్టి పూడ్చాననీ చెప్పి, అప్పుడు పాడాడు.

అర్మింటా మా అమ్మ. ఆ మాట వినబడేటప్పటికి ఆస్కర్ బల్ల ముందు నిలబడి దీపం నూనె పోయించుకుంటోంది. ఆ పసిపిల్లను నేను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు.

డెల్మర్ బాబాయి అసలు పేరు డెల్మర్ స్టిడమ్ అనీ, మా నాన్నేననీ, నాకు మూడేళ్ళప్పుడు పాటలతో జనాన్ని పోగుచేసి మందులమ్మే బండి వెంట బాంజో పట్టుకుని వెళ్ళినవాడు తిరిగి రాలేదనీ కొట్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. పాట అయ్యాక ఆస్కర్ నూనె గరాటు పట్టుకుని అమ్మను అడిగాడు.

"మింటక్కా, పొయ్యనా, ఆపనా?"

ఆడవాళ్ళు నవ్వాపుకుంటూ నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. అమ్మ డబ్బా మూత బిగించుకుని బయటికి నడిచింది. మలుపు దాటాక, గొంతు మాత్రం పాడవలేదు వాడికి, అంది.

ఆ తరువాత నాకు 'పెట్టెలో పిల్ల' అని పేరు పడింది. అమ్మ ఎదురైతే, ఏం మింటీ, అక్కడ వాతావరణం ఎలా ఉందని అడిగేవాళ్ళు. అది వాళ్ళకు నవ్వులాట, అంతే. మొగుడు వదిలేసిన ఆడదిగా బతకడం అమ్మకు పదిహేనేళ్ళుగా అలవాటే. ఆ రేడియో వచ్చేదాకా, ఏదో ఒక గనిలో పనిచేస్తున్నాడని, వస్తాడని చెప్పుకునేది. చచ్చిపోయిన ఆడదిగా బతకడం ఆమెకు చేతకాలేదు. ముందు కొట్టుకు వెళ్ళడం మానేసింది. ఆకులు రాలేనాటికి చర్చికి కూడా మానేసింది. అమ్మ చెబుతుంటే నేను రేడియోకు మూడు ఉత్తరాలు రాశాను. మేం బతికే ఉన్నామని ఒక్క మాట చెప్పమన్నాం. జవాబు రాలేదు. ఆయన ఇంకో నాలుగుసార్లు మమ్మల్ని పూడ్చిపెట్టాడు.

ఆ చలికాలంలోనే నిర్ణయించుకున్నాను. ఏ నోటితో చంపాడో ఆ నోటితోనే, అదే మైకులో, మేం బతికున్నామని ఆయన చేత చెప్పించాలి.

నేను మిషన్ బడిలో ఎనిమిదో క్లాసు దాకా చదివాను. దస్తూరి బాగుంటుంది, టైపు వచ్చు. మంచు కరిగాక ముప్ఫై అయిదు మైళ్ళ దూరంలోని పట్నానికి వెళ్ళాను. రేడియో స్టేషను కుర్చీలు, బల్లలు అమ్మే ఒక దుకాణం పై అంతస్తులో ఉంది. ఉత్తరాలు విప్పే పిల్ల పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతోందట. నా రెండో పేరు, అమ్మ పుట్టింటి పేరు కలిపి రూత్ కోంబ్స్ అని చెప్పాను. మా జిల్లాలో రాయి విసిరితే కోంబ్స్ ఇంటి మీదే పడుతుంది. నాన్న ఒకసారి తలెత్తి, ఏ కోంబ్సులు మీరు, అని అడిగాడు. వాగు ఎగువ వాళ్ళమండీ అన్నాను. ఆయన పని ఇచ్చాడు, మళ్ళీ నా మొహం చూడలేదు.

మా మూడు ఉత్తరాలు ఏమయ్యాయో మొదటిరోజే తెలిసింది. వెళ్ళిపోతున్న పిల్ల పని చూపిస్తూ, ఆయన భార్యనంటూ రాసే పిచ్చివాళ్ళు కూడా ఉంటారు, అవి పొయ్యిలో వెయ్యమన్నారు, అంది.

నలభై ఏళ్ళ మనిషి మా నాన్న. ఫొటోలకు మాత్రం తెల్ల గడ్డం అతికించుకుని, మాసికల లాగూ తొడుక్కునేవాడు. కార్యక్రమం ఖర్చు పెట్టుకునే పిండి కంపెనీ వాళ్ళకు అలా కావాలి. గదిలో మైకు ముందు గడ్డం తీసేసేవాడు, పాడుతుంటే వెంట్రుకలు నోట్లోకి వస్తున్నాయని. రేడియోకు వచ్చిన కొత్తలో పందుల ధరలు చదివేవాడట. ఒకరోజు పాడవలసినవాడు తాగి పడిపోతే ఆ పావుగంట ఈయన బాంజో అందుకున్నాడు. ఆ వారం వచ్చిన ఉత్తరాలు చూసి పందుల ధరలు వేరేవాడికి అప్పజెప్పారు. అప్పటినుంచి ఏడేళ్ళలో ఆయన పాటల పుస్తకం లేని ఇల్లు మూడు జిల్లాల్లో లేదు. ఆయన తమ పేరు చదివితే నొప్పి తగ్గిందని రాసిన ముసలివాళ్ళను నేనే పాతికమందిని లెక్కపెట్టాను. పనిమంతుడు, కాదనను. ఎవరి ఉత్తరమైనా తన కోసమే వచ్చిన కబురులా చదివేవాడు.

పాత ఉత్తరాల కట్టలు సర్దుతుంటే అమ్మ చావు ఎలా పెరిగిందో తెలిసింది. మొదటి ఏడాది ఉట్టి జ్వరం. రెండో ఏడాది మంచు కలిసింది. పెట్టె ఆ తరువాత వచ్చింది. నేను చేరేనాటికి గడ్డకట్టిన నేలను గొడ్డలితో పగలగొట్టి గొయ్యి తానే తవ్వుకున్నాడు. మమ్మల్ని తలుచుకున్న వారం ఉత్తరాల బస్తాలు రెట్టింపయ్యేవి. ఆడవాళ్ళు మేజోళ్ళు అల్లి పంపేవాళ్ళు. పెళ్ళి చేసుకుంటామనేవాళ్ళు. ఒకామె తన ఫొటోతోపాటు తన ఆవు ఫొటో కూడా పంపింది.

రోజూ పొద్దున వచ్చిన వాటిలోంచి ఇరవై ఉత్తరాలు ఏరి ఆయన బల్ల మీద పెట్టడం నా పని. పైన ఏది ఉంటే అది చదివేవాడు, ముందుగా చూసుకునేవాడు కాదు. అలా చదివితేనే గొంతులో నిజం ఉంటుందనేవాడు.

జూన్ నెలలో జెరెల్డా ఫ్యూగేట్ అనే ముసలావిడ దగ్గరినుంచి పెన్సిలుతో రాసిన ఉత్తరం వచ్చింది. నాలుగేళ్ళుగా మీ కార్యక్రమం వింటున్నాను నాయనా, నీ భార్యకు, బిడ్డకు చావు ప్రసంగం ఎవరు చెప్పారో ఎప్పుడూ అనలేదు, చెప్పించావా లేదా, అని అడిగింది.

మా కొండల్లో మనిషి పోతే మర్నాడే పూడ్చేస్తాం. ప్రసంగం తరువాత. దారులు ఎండి, బోధకులు రాగలిగి, దూరాన ఉన్న చుట్టాలు చేరగలిగినప్పుడు, ఏ ఆగస్టులోనో పెడతాం. ఏడాది పట్టవచ్చు, రెండేళ్ళు పట్టవచ్చు. కానీ చెప్పించి తీరాలి. అంతవరకూ పోయినవాళ్ళు వాకిట్లో నిలబడి ఉన్నట్టే. ఉరి తీసినవాడికి కూడా ప్రసంగం చెప్పిస్తారు మావాళ్ళు.

ఆ ఉత్తరం పైన పెట్టాను.

మధ్యలోకి వచ్చేదాకా ఆయనకు అర్థం కాలేదు. ఎప్పుడో పోయిన బోధకుడి పేరు ఒకటి చెప్పి ఉంటే అక్కడితో తీరిపోయేది. కానీ జాలి దొరికే చోట ఆయన చేయి ఎప్పుడూ ఊరుకోదు. లేదు మామ్మా అన్నాడు, గొంతు తగ్గించి. నాలాంటి పేదవాడి కోసం కొండెక్కి వచ్చే బోధకుడు దొరకలేదు, నా మింటీ ఇంకా ప్రసంగం లేకుండానే పడి ఉంది, అన్నాడు.

పట్నంలో ఉండి ఉండి మావాళ్ళు ఎలాంటివాళ్ళో మరిచిపోయాడు. మేజోళ్ళు వస్తాయనుకున్నాడు. పద్దెనిమిదేళ్ళా, అని ఉత్తరాలు వచ్చాయి. పిండి అమ్మడానికి తీరిక ఉంది, పెళ్ళానికి ప్రసంగం చెప్పించడానికి లేదా, అని వచ్చాయి. వంటలు మేం తెస్తాం, బల్లలు మేం కొడతాం, రోజు చెప్పు చాలు, అని వచ్చాయి. రెండు వారాల్లో ఆరు బస్తాలు. వాటిలో ఒక్కటి కూడా నేను రాయలేదు. దేని మీద ఏది ఉండాలో మాత్రం నేనే చూశాను.

పిండి కంపెనీ మనిషి ప్రాథర్ గారు రైలు దిగి వచ్చి బస్తాలు చూసి చాలా సంతోషించారు. ఆగస్టు మూడో ఆదివారం, రైలు స్టేషను పక్కన బంతాట మైదానంలో పెడదామన్నారు. టెలిఫోను తీగ లాగి కూటమంతా రేడియోలో వినిపిద్దామన్నారు. నాన్న మొహం పాలిపోయింది. మనసు తట్టుకోలేదేమోనండీ అన్నాడు. ప్రాథర్ గారు ఆయన వీపు తట్టి, తట్టుకోకపోతే ఇంకా మంచిదన్నారు.

ప్రసంగానికి బ్రదర్ హార్మన్ కాడిల్ కావాలని ఉత్తరాలన్నీ అడిగాయి. ఎనభై ఏళ్ళ బోధకుడు, వేరే జిల్లా, మా వాగు ఎరగడు.

కూటానికి వారం ముందు నాన్న నన్ను పాడే గదిలోకి పిలిచి తలుపు మూశాడు. నోరు మెదపని పిల్లవని గమనించాను, ఒక ఉత్తరం రాసి పెట్టు, అన్నాడు. బక్‌లిక్ వాగు మీద ఒకావిడ ఉంది, మతి స్థిమితం లేదు, నా భార్యనని చెప్పుకుంటుంది, ఆ ఆదివారం ఇల్లు కదలకుండా ఉంటే ఒక పీపా పిండి, ఒక రేడియో పంపిస్తానని రాయి, అన్నాడు. రాశాను. ఏమని పిలవమంటారు అని అడిగాను. మింటీ అనే రాయి, అన్నాడు, ఆలోచించకుండానే.

"ఆవిడకి పిల్లలున్నారా అండీ?"

"ఆడపిల్ల ఒకతె ఉండాలి."

"పేరు?"

"వాళ్ళమ్మే పెట్టుకుంది అమ్మాయ్. నాకు గుర్తులేదు."

అప్పటిదాకా నాకు కోపమే ఉండేది. కింద సంతకం చేయడానికి ఆయన నా చేతిలోంచి కలం తీసుకున్నప్పుడు ఆ కోపం గట్టిపడి, చల్లబడి, ఇక కదలనిదైంది. తపాలాలో నేను వేసి వస్తానన్నాను.

శనివారం ఇంటికి వెళ్ళి ఆ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. అమ్మ చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఇంకోసారి చదవమంది. ఎంతమంది వస్తారని అడిగింది. రెండు వేలకు తక్కువ ఉండరన్నాను. నేను అనుకున్నది చెప్పాను: ఇద్దరం మైకు దగ్గరికి నడిచి వెళ్ళాలి, ఆయనే చెప్పేదాకా కదలకూడదు. అమ్మ చేతులు తుడుచుకుని పెట్టెలోంచి నల్ల గౌను తీసి దులిపింది.

"మన చావుకి మనం వెళ్ళకపోతే ఎలాగే," అంది. "కానీ నువ్వు నోరు మెదపకు. కూర్చుందాం. ముందు ఏం చెబుతారో వింటాను."

మైదానమంతా జనం. చెక్క బల్లల వరసలు చాలక గడ్డి మీద దుప్పట్లు పరుచుకున్నారు. బండ్ల నీడన మొక్కజొన్న రొట్టెలు, ఎండు ఆపిల్ ముక్కలతో అంతస్తులుగా కట్టిన కేకులు గుడ్డలు కప్పి పెట్టారు. మా వాగు వాళ్ళు కూడా వచ్చారు, నవ్వులాట చూద్దామని. నాన్న తెల్ల గడ్డంతో వచ్చాడు. ఈ ఒక్క రోజుకు వద్దని ప్రాథర్ గారు అన్నా వినలేదట, లేక వద్దనే అనలేదో.

పోయినవాళ్ళ సొంతవాళ్ళు ముందు బల్ల మీదికి రావాలని బ్రదర్ కాడిల్ పిలిచాడు. ఆ బల్ల ఎదురుగానే మైకు. నాన్న ఒక్కడే వెళ్ళి టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ నా చేయి పట్టుకుని నడిచింది. ఆయనకు ఒకపక్క ఆమె కూర్చుంది, రెండో పక్క నన్ను కూర్చోమంది.

నాన్న పక్కకు చూసి, చూపు తిప్పుకోలేకపోయాడు. పెదవులు కదపకుండా, ఏం కావాలి నీకు, అన్నాడు. ప్రసంగం వినడానికొచ్చాను, అంది అమ్మ.

ముగ్గురు బోధకులు ఒకరి తరువాత ఒకరు చెప్పారు. మా బోధకులు మాట్లాడరు, రాగం తీస్తారు. ఊపిరి పీల్చుకునే చోట కూడా జనం ఏడ్చారు. అర్మింటా పుట్టిన ఊరు, పెళ్ళయిన ఏడు, ఆఖరి మాటలు నాన్న రాసిచ్చినవే చదివారు. అమ్మ తల వంచుకుని శ్రద్ధగా విన్నది. భర్తను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు అన్నచోట ఒక్కసారి దగ్గింది. బిడ్డ గురించి చెప్పేటప్పుడు మాత్రం చేయి చాచి ఆయన ఒడి మీదుగా నా మోకాలు పట్టుకుంది. అప్పుడు ఆయన మొదటిసారి నా వైపు తిరిగాడు. ఉత్తరాల పిల్ల ఇక్కడెందుకు కూర్చుందా అన్నట్టు చూశాడు. ఇంకా తెలియలేదు.

నాన్నను పాట పాడమన్నారు. మూడో చరణం దగ్గర పాట ఆపి ఏడ్చాడు. రెండు వేల మంది ఆయనతోపాటు ఏడ్చారు. దూరాన నిలబడ్డ ప్రాథర్ గారి మొహం వెలిగిపోతోంది.

ఆఖరున కీర్తన పాడుతూ జనమంతా వరసగా వచ్చి సొంతవాళ్ళతో చేయి కలుపుతారు. అది అయితేనే కూటం అయినట్టు. తీగ తెంచవద్దని, ఈ కీర్తన రేడియోలో బాగుంటుందని ప్రాథర్ గారు యంత్రం మనిషికి సైగ చేశారు. వరస అమ్మ దగ్గర మొదలైంది. మొదట వచ్చినామె అమ్మ చేయి రెండు చేతులతో పట్టుకుని, పోయినామె నీకేమవుతుందమ్మా, అని అడిగింది.

"నేనే," అంది అమ్మ.

దుఃఖంలో అంటోందనుకుని ఆమె, మా నాన్న చేయి కూడా పట్టుకుని వెళ్ళింది. రెండో ఆమెకు అమ్మ ఇంకొంచెం చెప్పింది. నేనే అర్మింటాను, ఈయన పెళ్ళాన్ని, ఇదుగో పిల్ల. గొంతు పెంచలేదు. వచ్చిన ప్రతివాళ్ళకూ కొత్తగా, ఓపికగా, ఒకే మాట చెప్పింది. పదో మనిషి దగ్గర కీర్తన ఒక పక్క సన్నగిల్లింది. వరసలో వెనకనుంచి, నిజమా అని అడుగుతున్నారు. ఆస్కర్ వంతు వచ్చింది. నవ్వుతాడేమోనని చూశాను. టోపీ తీశాడు. వెనక్కి తిరిగి, మింటక్కే, పుట్టినప్పటినుంచి ఎరుగుదును, అని అందరికీ వినబడేలా చెప్పాడు.

ఆ తరువాత వచ్చినవాళ్ళు అమ్మ చేయి పట్టుకున్నారు, నా చేయి పట్టుకున్నారు. మధ్యలో ఆయన చేయి చాచి అలాగే కూర్చుని ఉన్నాడు. ఎవరూ తిట్టలేదు. చేయి ముట్టుకోకుండా దాటిపోయారు, అంతే. చెమటకు గడ్డం ఒక చెంప మీద ఊడి వేలాడుతోంది.

కర్ర పట్టుకుని ఒక ముసలావిడ వచ్చి ఆయన ముందు ఆగింది. నేను జెరెల్డా ఫ్యూగేట్‌ని, ఉత్తరం రాసింది నేనే, అంది. ఈమె చెప్పేది నిజమేనా నాయనా, అని అడిగింది. ఆయన చుట్టూ చూశాడు. నేను కనబడ్డాను. మునిగేవాడికి కొమ్మ దొరికినట్టయింది.

"రూత్, నువ్వు చెప్పమ్మా ఈ మామ్మకి. ఈవిడకి మతి లేదని. ఉత్తరం నువ్వే రాశావు కదా."

"రాశాను మామ్మా," అన్నాను. "ఈయన చెబితే రాశాను. నా పేరు వెర్డీ. పెట్టెలో పెట్టానన్న పిల్లను నేనే." ఆయన సంతకం ఉన్న కాగితం ఆమె చేతికిచ్చాను.

ఆయన నా మొహం అప్పుడు చూశాడు. చూసి కూడా, ఇద్దరూ ఒకటే, ఇద్దరికీ మతి లేదు, అన్నాడు.

ముసలావిడకు చదువు రాదు. ఆ ఉత్తరమూ ఎవరి చేతనో రాయించిందేనట. కాగితం బ్రదర్ కాడిల్‌కు అందించింది. ఆయన కళ్ళకు దగ్గరగా పెట్టుకుని పూర్తిగా చదివాడు. చేయి ఎత్తాడు. కీర్తన ఆగింది. ఆయన అమ్మ ముందుకు వచ్చి, సిస్టర్, యాభై ఏళ్ళలో ఇలాంటిది నాకు జరగలేదు, చెప్పిన ప్రసంగం వెనక్కి ఎలా తీసుకోవాలో తెలియదు, అన్నాడు.

"తీసుకోవద్దండీ. బాగా చెప్పారు," అంది అమ్మ. "నాకు మళ్ళీ చెప్పక్కర్లేదు, ఇదే ఉంచుకుంటాను. ఒక్కటి అడుగుతాను. ఈయన పోయిన నాడు ఈ కొండల్లో ఎవ్వరూ ఈయనకి ప్రసంగం చెప్పకూడదు."

బ్రదర్ కాడిల్ మిగిలిన ఇద్దరు బోధకుల వైపు చూశాడు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళిద్దరిలో పెద్దాయన తలూపాడు.

"చెప్పం," అన్నాడు బ్రదర్ కాడిల్.

అబద్ధం బయటపడినా, చేయి ఎవరూ ముట్టుకోకపోయినా కదలనివాడు అప్పుడు బల్ల మీదినుంచి జారి మోకాళ్ళ మీద పడ్డాడు. రేడియో గొంతు కాదు అది. మా వాగు యాస మొత్తం తిరిగొచ్చింది.

"మింటీ, ఆ మాట ఎనక్కి తీస్కో. నన్నట్టా పడెయ్యమాకే. నువ్వు నా పెళ్ళానివి, ఇది నా కూతురు, ఇద్దరూ బతికే ఉండారు, నేనే అబద్ధం చెప్పా. ప్రసంగం లేకండా పడెయ్యమాకే మింటీ."

మైకు ఆయన మొహానికి జానెడు దూరంలో ఉంది. ప్రాథర్ గారు రెండు చేతులూ ఊపుతున్నారు. యంత్రం మనిషి మీట మీద చేయి పెట్టుకుని వింటున్నాడు గాని తిప్పలేదు.

ఏడాదిగా నేను కోరుకున్నది అదే. విన్నాను. ఇంకోసారి అంటాడేమోనని కూడా చూశాను.

అమ్మ వెనక్కి తీసుకోలేదు. వరస ఇంకా చాలా ఉంది. ఆయన పక్కనుంచి జరిగి, తరువాతి మనిషికి చేయి చాచింది.